గడ్డి జట్టు, దాణా జట్టు: కోనసీమలో ఏడు రోజులు

కొత్తపేట బస్సులో

ఫిబ్రవరి 4, బుధవారం. ఒంగోలులో రాత్రి రైలెక్కి, రాజమండ్రిలో దిగి, రావులపాలెంలో బస్సు మారాను. పక్క సీట్లో నా వయసావిడ ఒకరు అరటిపళ్ల గెల కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. నా సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన కాటా కొక్కెం చూసి అడిగారు.

"ఇదేటండీ? చేపలు తూస్తారా?"

"కాదు, పొట్టేళ్లను తూచడానికి తెచ్చాను."

"ఓ, వేటలా!" అన్నారావిడ. "ఎవరింటికండీ?"

మా కనిగిరి వైపు వేట అంటే కుక్కల్ని వెంటబెట్టుకుని కొండెక్కడం. ఇక్కడ వేట అంటే కోతకొచ్చిన పొట్టేలు, మేకపోతు. మాంసం కొట్టు బోర్డు మీద కూడా వేట మాంసం అనే ఉంటుంది. కొత్తపేటలో కిలో తొమ్మిది వందలని బస్సు కిటికీలోంచే చదివాను. నేను ఎవరింటికో చెప్పగానే ఆవిడ రెండు అరటిపళ్లు తుంచి నా చేతిలో పెట్టారు. వద్దన్నాను. "మీరు తినకపోతే నేను దిగాక బాధపడతానండి" అన్నారు. తిన్నాను. ఆ జవాబు ఆ వారంలో ఇంకెన్నిసార్లు వినబోతున్నానో అప్పటికి తెలియదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. నాకు డెబ్బై రెండేళ్లు. మా ఊరి అంగన్‌వాడీలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. నెలనెలా పిల్లల్ని కాటాకు వేలాడదీసి బరువు రాయడం నా పని. ఇంటి దగ్గర మాకు గొర్రెల మంద ఉండేది. పిల్లల్ని తూచిన అలవాటు కొద్దీ గొర్రెపిల్లల్ని కూడా తూచి, తేదీ వేసి రాసేదాన్ని. అందుకే మా చెల్లెలి కూతురు సరోజ నాకు కబురు పెట్టింది.

సరోజను కొత్తపేట దగ్గర కొబ్బరితోటలున్న ఇంటికి ఇచ్చారు. భర్త సత్తిబాబు ఆరేళ్లు కువైట్‌లో ఒక మాంసం కొట్లో పనిచేసి, నిరుడు తిరిగొచ్చాడు. ఇక్కడే తోటలో పొట్టేళ్లు పెంచుకుని బతుకుదామని అతని ఆలోచన. పాత యజమాని మాత్రం మళ్లీ రమ్మంటున్నాడు. ఫిబ్రవరి 10లోగా జవాబు చెప్పాలి.

"పెద్దమ్మా, నువ్వొచ్చి తూచి చెప్తే ఆయన నమ్ముతారు. తర్వాత వెళ్లినా ఉన్నా నేను ఏమీ అనను" అని ఫోన్లో చెప్పింది. గొంతు మాత్రం ఆ మాటతో కలవలేదు.

ఇంటి దగ్గర

గుమ్మంలోనే సత్తిబాబు తల్లి నాగరత్నం గారు ఎదురొచ్చి, నా చేతిలో సంచి లాక్కున్నంత పని చేశారు. మంచినీళ్ల కంటే ముందు కొబ్బరిబొండం వచ్చింది. భోజనంలో కంద బచ్చలి కూర, పనసపొట్టు, ముద్దపప్పు, పెరుగు. మా ఇళ్లల్లో అన్నం చాలంటే చాలనే. ఇక్కడ చాలు అంటే ఇంకో గరిటె అని అర్థం. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా, వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోశారు.

తినేటప్పుడు సత్తిబాబు విషయమంతా చెప్పాడు.

"కువైట్‌లో మా కొట్లో పశుమాంసానికి రెండు అరలుండేవండి, అత్తయ్యగారూ. గడ్డి తిన్న పశువుది ఒక అర, ధాన్యం తిన్న పశువుది ఒక అర. గడ్డి మాంసం ఎర్రగా, కొవ్వు పసుప్పచ్చగా ఉండేది. ధాన్యం మాంసం లేతరంగు, కొవ్వు తెల్లగా వెన్నముద్దలా ఉండేది. మెత్తన కావాలన్నవాళ్లు ధాన్యం అర దగ్గరికి, రుచి కావాలన్నవాళ్లు గడ్డి అర దగ్గరికి వచ్చేవారు. ఆరేళ్లూ అవే కోసేను. మన వేటల్లో ఏమవుద్దో చూద్దామని ఎనిమిది కొన్నానండి. నాలిగిటికి గడ్డి ఒక్కటే. నాలిగిటికి గడ్డితో పాటు దాణా."

"ఏం తేలితే ఉంటావు?"

"దాణా అంతా కొనాలండి. ముప్పై వేటల్ని కొన్న దాణా మీద పెంచితే నాకేం మిగలదు. గడ్డి మీదే సరైన బరువొస్తే, మాంసం బాగుంటే ఉండిపోతాను. లేకపోతే టిక్కెట్టే."

అమలాపురంలో పెళ్లిళ్లకు వంటలు చేయించే వీర్రాజు గారనే మేస్త్రి, వారానికొక వేట చొప్పున ఏడాది పొడుగునా తీసుకుంటానన్నారట. ఆయనకు గడ్డి మీదే పెరిగిన వేట కావాలి. ఈ మధ్య పెళ్లివారు అలాంటిదే అడుగుతున్నారట. ఆదివారం రెండు జట్ల నుంచి ఒక్కొక్కటి కోసి, వండి, రుచి చూసి, ఆయన మాట ఇస్తారు.

తోటలో తూకం

ఫిబ్రవరి 5, గురువారం. పొద్దున మేత వెయ్యకముందే తూచాలని పట్టుబట్టాను. కడుపులో ఉన్న గడ్డి కూడా బరువే. ఒక్కో పొట్టేలు ఒకటి రెండు కిలోల గడ్డి మోస్తూ ఉంటుంది.

కొబ్బరిచెట్ల మధ్య వెదురుతో కట్టిన పొడవాటి కొట్టం. మధ్యలో ఒక వెదురు తడిక. తడికకు ఇటు గడ్డి జట్టు, అటు దాణా జట్టు. రెండు వైపులా ఒకే గడ్డి: గట్ల మీద కోసిన పచ్చగడ్డి, అవిసె ఆకు. అటువైపు మాత్రం రోజూ పొద్దున సగటున తలకు అరకిలో దాణా అదనం. మొక్కజొన్న, తవుడు, పిండి కలిపి సత్తిబాబే తూచి పోస్తాడు. అతని పుస్తకం చూశాను. నవంబరు 7న మొదలుపెట్టాడు. మొదటి రోజు బరువులు, రోజువారీ దాణా, తేదీలు, ఒక్కటీ తప్పిపోలేదు. చూడగానే నాకు ఆ అబ్బాయి మీద గౌరవం పెరిగింది.

కాటాను కొబ్బరిచెట్టుకు కట్టిన వాసానికి తగిలించి, గోనెపట్టాతో ఉయ్యాలలా చేసి, ఒక్కొక్కదాన్ని ఎత్తించాం. మూడోది కాలు విదిలించి నా కళ్లద్దాలు పేడలో పడేసింది. కడుక్కొచ్చి మళ్లీ తూచాను.

దాణా జట్టు: 27.5, 29, 26.5, 27. మొత్తం 110 కిలోలు.

గడ్డి జట్టు: 24.8, 25, 26.4, 23. మొత్తం 99.2 కిలోలు.

మొదలుపెట్టినప్పుడు ఒక్కో జట్టు 56 కిలోలే. తొంభై రోజులు. అంటే దాణా జట్టులో ఒక్కొక్కటి రోజుకు నూట యాభై గ్రాములు పెరిగింది. గడ్డి జట్టులో నూట ఇరవై.

సత్తిబాబు ముఖం వెలిగిపోయింది. "చూసేరా అత్తయ్యగారూ! ముప్పై గ్రాములే తేడా. దాణా లేకుండానే!"

నేను లెక్క మళ్లీ వేశాను. అదే వచ్చింది. నాకు నచ్చలేదు. మా ఊళ్లో వానలు బాగా పడిన సంవత్సరం కూడా, ఒట్టి గడ్డి మీద పిల్ల రోజుకు ఎనభై గ్రాములు దాటడం నేను చూడలేదు. పుస్తకాలు నలభై ఏళ్లవి నా దగ్గరున్నాయి.

"బాబూ, ఇది ఎక్కువగా ఉంది" అన్నాను.

"మీదీ, మాదీ ఒకటే గడ్డా అండీ? ఇది గోదావరి నీళ్లు తాగిన గడ్డండి."

సరోజ నా వైపు చూసింది. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. నూట ఇరవై బాగానే ఉంది కదా, ఇంకేం తవ్వుతావు అని.

ఈ పిల్లల్ని ఎక్కడ కొన్నావని అడిగాను. రాజోలు దగ్గర వెంకన్న అనే కాపరి మందలోంచి. పదమూడింటిని తూచి, ఎనిమిది తెచ్చుకున్నాడు. మిగిలిన ఐదు అక్కడే మందలో మేస్తున్నాయి. ఆ ఐదూ ఆ రోజు కలిపి డెబ్బై కిలోలని సత్తిబాబు పుస్తకంలో ఉంది. అంటే ఇవీ అవీ సగటున పద్నాలుగే.

"రేపు రాజోలు వెళ్దాం" అన్నాను.

రాజోలు కాలవ గట్టు

ఫిబ్రవరి 6, శుక్రవారం. అమలాపురం మీదుగా వెళ్లాం. నా జీవితంలో ఇన్ని నీళ్లు ఒక్క రోజులో చూడలేదు. ఎటు చూసినా కాలవ, కాలవ మీద వంతెన, వంతెన దిగగానే ఇంకో కాలవ. మా దగ్గర గొర్రెకు నీళ్లు చూపించడానికి మూడు మైళ్లు నడిపించేవాళ్లం. ఇక్కడ కాపరికి నీళ్ల నుంచి గొర్రెను కాపాడుకోవడమే పని.

వెంకన్నకు అరవై ఏళ్లుంటాయి. నెత్తిన తువ్వాలు, చేతిలో పొడవాటి గెడ. కోతలైన మెరకల మీద, కాలవ గట్ల మీద మందను తిప్పుతూ ఉంటాడు. గట్టు దిగబోయి నేను జారాను. నేను పడలేదు, చెప్పు మాత్రం కాలవ బురదలోకి పోయింది. వెంకన్న గెడతో దాన్ని తీసి, గడ్డికి తుడిచి, నా కాళ్ల దగ్గర పెట్టాడు.

"మీరు మెట్టోళ్లు కదండీ. అడుగు తెలిసిపోతంది" అన్నాడు.

గడ్డి సంగతి అడిగాను. ఈ పచ్చదనం చూసి నాకు అసూయగా ఉందన్నాను.

"పచ్చగా ఉంటే మంచిదనుకుంటారండి. తడి గడ్డిలో నత్తలుంటాయి. ఆ నత్తలున్న గడ్డి మేస్తే కార్జంలో జలగలు పడతాయండి. గిట్టలు కుళ్లుతాయి. నేనందుకే మంచు ఆరేదాకా గట్టెక్కించను. మెరక గడ్డి పొట్టిగా ఉంటాది. అదే మంచిదండి."

ఈ ఒక్క మాట కోసమైనా రాజోలు రావచ్చు అనిపించింది. పచ్చగడ్డి అంటే పచ్చగడ్డి కాదు. ఎక్కడి గడ్డి, ఏ వేళ గడ్డి అన్నది లెక్క.

చెవికోతలు చూసి ఆ ఐదింటినీ వెంకన్నే ఏరి పట్టుకున్నాడు. దాణా ఏమైనా పెడతావా అని మూడు రకాలుగా అడిగాను. మూడోసారి నవ్వాడు. "నాకే మజ్జిగన్నమండి. ఈటికి దాణానా?"

బరువులు: 20, 21, 20.5, 19.5, 21. మొత్తం 102. తొంభై ఒక్క రోజుల్లో ముప్పై రెండు కిలోలు ఐదింటి మీద. తలకు రోజుకు డెబ్బై గ్రాములు.

సత్తిబాబు గట్టు మీద కూర్చుండిపోయాడు. "ఇవి తిరుగుతాయి కదండీ. మావి కొట్టంలోనే ఉంటాయి. నడకలో పోయుంటాది."

"కొంత పోతుంది. రోజుకు యాభై గ్రాములు నడక తినదు."

తిరుగు బస్సులో అతను తన పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ తిరగేశాడు. అతని పుస్తకంలో తప్పు లేదని నాకు తెలుసు. నా కాటాలో తప్పు లేదు. అయితే తప్పు కొట్టంలో ఉండాలి.

ఒంటిగంట ఇరవై

ఫిబ్రవరి 7, శనివారం. ఈ ఇంట్లో మధ్యాహ్నం భోజనం కాగానే అందరూ ఒక గంట పడుకుంటారు. మా వైపు ఎండాకాలంలో తప్ప ఆ అలవాటు లేదు. నేను పుస్తకం పట్టుకుని తోటలోకి వెళ్లి, కొబ్బరిపీచు గుట్ట పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

ఒంటిగంట ఇరవైకి గడ్డి జట్టు నాలుగూ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. తలుపు దగ్గరికి వచ్చి వరసగా నించున్నాయి. ఎవరూ రాలేదింకా. దాణా జట్టు హాయిగా నెమరేస్తూ పడుకునే ఉంది.

రెండు నిమిషాల తర్వాత నాగరత్నం గారు వచ్చారు. చంకలో ఒక బేసిను, చేతిలో కొబ్బరిచిప్ప. నన్ను చూడలేదు. చిప్పతో తీసి, నాలుగింటి ముందూ నాలుగు తట్టల్లో పోశారు. "తినండి నాన్నా, తొందరగా తినండి" అంటున్నారు.

"వదినగారూ" అన్నాను.

ఆవిడ బేసిను వదిలెయ్యలేదు కానీ మనిషి అదిరిపోయారు. దగ్గరికి వెళ్లి చూశాను. తవుడు, నూకలు, కొబ్బరి నూనె తీశాక మిగిలే చెక్క పొడి. గంజితో తడిపినవి.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు రోజులు చూసేనండి. నాలుగో రోజు ఊరుకోలేకపోయేను" అన్నారావిడ. "మీరే చెప్పండి వదినగారూ. ఒక్క తడిక. అటు నాలుగు తింటంటే ఇటు నాలుగు తడికలో మూతులు పెట్టి అరుస్తన్నాయి. ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకళ్లకి వడ్డించి ఒకళ్లకి మానెయ్యడం, అది పంక్తిభేదం కాదండీ? మనుషులకి చేస్తే తప్పు, నోరులేనోటికి చేస్తే తప్పు కాదా? మా అత్తగారు పంక్తిలో పెరుగు తక్కువైతే, అందరికీ మజ్జిగే పోయించేవారండి. అలాంటి ఇల్లిది."

నాలుగు రోజులుగా ఆ ఇంటి పంక్తిలో తింటున్నదాన్ని. నా బరువే ఎనిమిది వందల గ్రాములు పెరిగింది.

"మరి అబ్బాయికి చెప్పలేదేం?"

"చెప్తే తడిక తీసి ఇంకో తోటలో కడతాడండి. అక్కడ నాకు కనపడవు, కానీ ఆకలి మాత్రం ఉంటాది కదా."

చిప్పతో పది సార్లు పొయ్యమని, తడపకముందు పది సార్లు తూచాను. ఒకసారి 220, ఒకసారి 265. సగటు 240 గ్రాములు. నాలుగో రోజు నుంచి నేను తూచిన రోజు ముందు దాకా ఎనభై ఏడు రోజులు. నాలుగు వేటలు. ఎనభై మూడున్నర కిలోలు. అటు జట్టు తిన్న దాణా నూట ఎనభై. అంటే "ఒట్టి గడ్డి" జట్టు దాదాపు సగం దాణా తిన్నది.

నాగరత్నం గారు ఆ అంకె విని బేసిను కింద పెట్టి కూర్చున్నారు. నేను రోజుకో చిప్పే పెట్టేనండి అన్నారు. నిజమే, రోజుకో చిప్పే.

"ఇది అబ్బాయికి చెప్పాలి" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "వద్దండి వదినగారూ. ఆ లెక్క చూసుకునే వాడు ఉండిపోదామనుకుంటన్నాడు. గడ్డి మీద పెరగలేదని తెలిస్తే పదో తారీకుకి వెళ్లిపోతాడు. సరోజ ఆరేళ్లు ఫోన్లో కాపురం చేసిందండి. మీ చెల్లెలి కూతురే కదా."

అవును, నా చెల్లెలి కూతురే. అందుకే చెప్పాలి. ముప్పై పిల్లల్ని ఒట్టి గడ్డి మీద పెట్టి, మూడు నెలలకు ఇరవై కిలోల పొట్టేళ్లు చూసుకుని అతను వెళ్లిపోతే, ఈసారి ఆరేళ్లతో పోదు. అది ఆవిడకు చెప్పాను.

"రేపు అమలాపురంలో వీర్రాజు గారు మాట ఇచ్చేలోగా మీరు చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

ఆవిడ పైట చెంగుతో చిప్ప తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం నా కంచంలో నెయ్యి మామూలుగానే పడింది. మాట మాత్రం పడలేదు.

అమలాపురం, రెండు గిన్నెలు

ఫిబ్రవరి 8, ఆదివారం. నాగరత్నం గారు కూడా బయల్దేరారు. మాంసం కోసం కాదండి, పెరుగు తేవాలి కదా అన్నారు.

వీర్రాజు గారి వంటపాక ఊరి చివర కాలవ పక్కన. పెద్ద పెద్ద రాగి డేగిసాలు బోర్లించి ఉన్నాయి. ఆయన లావుపాటి మనిషి, గొంతు ఇంకా లావు. ముందు రోజే తెచ్చి కట్టిన రెండు వేటలు రాత్రంతా నీళ్లు తాగి, మేత లేకుండా నెమ్మదిగా ఉన్నాయి. తరిమి, బెదరగొట్టి కోస్తే మాంసం నల్లబడి బిరుసెక్కుతుంది. ఈ సంగతి ఆయనకు చెప్పక్కర్లేకపోయింది.

27 కిలోల దాణా వేట నుంచి 13.5 కిలోల మాంసం ఎముకతో సహా వచ్చింది. సరిగ్గా సగం. రెండో జట్టులో 25 కిలోలదాని నుంచి 11.7. గడ్డి ఎక్కువ తిన్నదానికి పొట్ట పెద్దది, అక్కడ బరువు పోతుంది. మూత్రపిండాల చుట్టూ కొవ్వు తీయించి తూచాను. దాణా వేటది 560 గ్రాములు, రెండోదానిది 240. కొవ్వు రంగు రెండింటిలోనూ తెలుపే. సత్తిబాబు చెప్పిన పసుపు పశువుల్లోనే కనిపిస్తుంది కాబోలు, పొట్టేలులో రాదు. మాంసం రంగులో మాత్రం తేడా ఉంది. దాణాది లేత ఎరుపు. రెండోది దానిమ్మగింజ రంగు. కార్జాలు రెండూ కోసి చూపించారు. జలగలు లేవు. సత్తిబాబు మెరక గడ్డే కోస్తాడని అప్పుడు నమ్మాను.

రెండు గిన్నెలు, రెండింట్లోనూ కిలో తొడ మాంసం, ఒకే కొలత ఉప్పు, పసుపు, అల్లం. మసాలా వద్దన్నాను. వీర్రాజు గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"మసాలా లేకుండానా? మా తాత చూస్తే ఏడుస్తాడండి!"

"మసాలా వేస్తే మిమ్మల్ని రుచి చూస్తాం. ఇవాళ వేటను చూడాలి."

దాణా మాంసం నలభై నిమిషాలకు ఉడికింది, పైన నూనె అర అంగుళం తేలింది. రెండోది యాభై నిమిషాలు పట్టింది. ఏ గిన్నె ఏదో తెలియకుండా ఆకుల్లో పెట్టించాను. వీర్రాజు గారు, ఆయన వంటవాళ్లు ముగ్గురు, సత్తిబాబు, నేను. ఆరుగురం.

వేడిగా తిన్నప్పుడు మూడు ఓట్లు ఇటు, మూడు అటు. మెత్తదనం దాణాది. వాసన, పీల్చితే నోట్లో నిలిచే రసం రెండోది. ఇక్కడితో ఆపేద్దామన్నారు. గంట ఆగి చల్లారాక మళ్లీ తినాలన్నాను. పెళ్లివంట ఇక్కడ వండి, వ్యానులో ఊళ్లకు పోయి, మూడో పంక్తికి వచ్చేసరికి వేడిగా ఉంటుందా?

ఆ మాటకు వీర్రాజు గారు నన్ను మొదటిసారి సరిగ్గా చూశారు. "అత్తయ్యగారు వంటలోళ్లింట్లో పుట్టాల్సిందండి" అన్నారు.

గంట తర్వాత దాణా మాంసం మీద కొవ్వు పేరుకుంది. తింటే నోటి పైభాగాన మైనంలా అంటుకుంది. రెండోది చల్లారినా అదే రుచి. ఐదు ఓట్లు రెండోదానికి. ఆరోది దాణాదే బాగుందన్న కుర్రవంటవాడిది. వాడిష్టం.

ఆకుల కింద పెట్టించిన గుర్తులు చూసి ఏది ఏదో చెప్పాను. వీర్రాజు గారు తొడ చరిచారు. "ఇదేనండి నాకు కావాల్సింది! ఒట్టి గడ్డి వేట. రేపే కార్డు కొట్టించేస్తాను. పచ్చగడ్డి మీదే పెరిగిన వేట మాంసం, దాణా ముట్టనిది. సత్తిబాబూ, మాటిచ్చేను. వారానికొకటి."

సత్తిబాబు లేచి చేతులు జోడించబోయాడు. నేను నాగరత్నం గారి వైపు చూశాను. ఆవిడ పెరుగు గిన్నె మీద మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశారు. నేను నోరు తెరిచాను.

"అది దాణా ముట్టిందండి" అన్నారావిడ.

కొడుకు వైపు తిరిగారు.

"ఒరేయ్ నాన్నా, నేను రోజూ పెట్టేను. ఒక్కో చిప్ప. పంక్తిభేదం చెయ్యలేక పెట్టేను."

సత్తిబాబు తల్లినే చూస్తూ నిలబడ్డాడు. కాలవ దగ్గరికి వెళ్లి, చేతులు కడుక్కుని, ముఖం కడుక్కుని వచ్చాడు.

"తవుడు తగ్గిపోతంటే ఎలుకలనుకున్నానమ్మా. బోను కూడా కొన్నాను."

ముందు నవ్వింది వీర్రాజు గారే. పొట్ట పట్టుకుని నవ్వారు. సత్తిబాబు నవ్వలేదు. "మరింక నా లెక్కేముందండి అత్తయ్యగారూ? గడ్డి మీద డెబ్బై గ్రాములే కదా. రాజోల్లో చూసేం కదా" అన్నాడు.

"నీ లెక్క కంటే మీ అమ్మగారి లెక్క బాగుంది" అన్నాను. "కూర్చో."

వీర్రాజు గారి పాత కార్డు వెనక రాసి చూపించాను. ఒట్టి గడ్డి: డెబ్బై గ్రాములు. గడ్డి, చిప్పెడు ఇంటి దాణా: నూట ఇరవై. గడ్డి, అరకిలో కొన్న దాణా: నూట యాభై. మొదటి చిప్ప యాభై గ్రాములిచ్చింది. ఆ పైన పోసిన ఇంకో చిప్ప ముప్పై గ్రాములే ఇచ్చింది, అందులో చాలా భాగం మూత్రపిండాల చుట్టూ చేరిన కొవ్వు. గడ్డి రంగూ రుచీ ఇస్తుంది. గింజ మెత్తదనం, బరువు ఇస్తుంది. గింజ అవసరమే, పళ్లెం నిండా కాదు.

"ఇంట్లో రోజుకు ఎంత తవుడు, ఎంత చెక్క మిగులుతుంది వదినగారూ? మీ వడ్లూ, మీ కొబ్బరీ ఆడించినవి?"

ఆవిడ వేళ్లు మడిచారు. "ఐదు కిలోలండి. కాస్త ఇటూ అటూ."

"అయితే ముప్పై వేటలు కాదు. ఇరవై. రోజుకు నాలుగు కిలోల ఎనిమిది వందలు. కొనేది ఏమీ లేదు. ఏడాదికి మూడు జట్లు, అరవై. వీర్రాజు గారికి యాభై రెండు పోగా ఎనిమిది మిగులుతాయి, చచ్చినవీ ఇంటికి కోసుకున్నవీ అందులోనే."

వీర్రాజు గారు కార్డు అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "ఒట్టి గడ్డి అని ఎలా వేయించనండీ మరి?"

"వేయించకూడదు" అన్నాను. "గడ్డి మీద పెంచి, ఇంటి తవుడు పెట్టినవని వేయించండి."

"నాగరత్నం గారి వేటలని వేయించేస్తానండి, గొడవొదిలిపోద్ది" అన్నారాయన. "నాకు కావాల్సింది చల్లారినా తినగలిగే మాంసం. అది దొరికింది."

బయల్దేరే రోజు

ఫిబ్రవరి 9 సోమవారం సాయంత్రం సత్తిబాబు అరుగు మీద కూర్చుని కువైట్‌కు ఫోన్ చేశాడు. అరబ్బీలో మాట్లాడాడు. సరోజ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాదు, భర్త ముఖం ఒక్కటే చదువుకుంటోంది.

ఫోన్ పెట్టేశాక తల్లి అడిగింది. "ఏమన్నావురా?"

"రానని చెప్పేను. ఎందుకని అడిగేడు. మా అమ్మ వేటలకి భోజనం వడ్డిస్తంది, ఒక్కత్తీ చెయ్యలేదని చెప్పేను."

సరోజ లోపలికి వెళ్లిపోయింది. కాఫీ పెట్టడానికని చెప్పింది. కాఫీ రావడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నాకు ఒక లోటు మిగిలింది. నాలుగు పొట్టేళ్లను నిజంగా ఒట్టి గడ్డి మీద పెంచి, ఆ మాంసం వండి చూడలేదు. రాజోలు వేటల బరువు చూశాం గానీ రుచి చూడలేదు. ఇది చూడకుండా నేను రాసిన మూడు వరసల్లో ఒక వరస సగమే. తడికకు ఒక పక్క మూడో జట్టు కట్టమన్నాను.

నాగరత్నం గారు నా టిఫిన్ డబ్బాలో పూతరేకులు సర్దుతున్నారు. తల ఎత్తలేదు.

"నా కళ్లెదురుగా మాత్రం వద్దండి వదినగారూ. మీకంతగా కావాలంటే ఆ రాజోలాయనకి అప్పజెప్పండి."

అప్పజెప్పాను. మంగళవారం పొద్దున రావులపాలెం బస్సెక్కే ముందు వెంకన్నతో ఫోన్లో మాట్లాడాను. నాలుగు పిల్లల్ని గట్టు గడ్డి మీదే మేపాలి, నెలకోసారి సత్తిబాబు వచ్చి తూచుకుంటాడు, ఇంకేమీ పెట్టకూడదు. అన్నిటికీ ఆయ్, ఆయ్ అన్నాడు. అంతా అయ్యాక ఇంకో ప్రశ్న అడిగాను.

"మీ ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉన్నారా?"

"మా అమ్మ ఉందండి" అన్నాడు వెంకన్న. "ఎందుకండీ?"